చిన్న గుంపులో మనసు విప్పి మాట్లాడుకోవడం ఎలా మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి బ్రదర్

అందరికీ వందనాలు. మా అపార్ట్‌మెంట్ చుట్టుపక్కల ఉన్న విశ్వాసులం ప్రతి గురువారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూడుకుంటాం. పాటలు, వాక్యం, ప్రార్థన అంశాలు, తర్వాత టిఫిన్. కరోనా తర్వాత మొదలైంది, ఇంతవరకూ ఆగలేదు. అందుకు దేవునికి స్తోత్రం.

పోయిన నెల జరిగిన సంగతి నన్ను కుదిపేసింది. మా గుంపులో ఒక తమ్ముడు లోన్ యాప్‌లలో అప్పు మీద అప్పు చేశాడు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. వసూలు చేసేవాళ్లు అతని ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసి బూతులు తిడితే అప్పుడు తెలిసింది. ప్రతి గురువారం మా పక్కనే కూర్చునేవాడు. ప్రార్థన అంశం అడిగితే "ఉద్యోగం గురించి" అనేవాడు, మేం ఉద్యోగం గురించే ప్రార్థించేవాళ్లం. అతను చెప్పేది అబద్ధమేమీ కాదు. అసలు మాట మాత్రం ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇప్పుడు అతనికి కావలసిన సాయం చేస్తున్నాం. నా ప్రశ్న దాని గురించి కాదు. అలాంటి మాట ముందే బయటికి వచ్చే గుంపు ఎలా ఉంటుంది? ఒకరి డబ్బు, ఒకరి కాపురం, ఒకరి ఆరోగ్యం గురించి అడిగే హక్కు మనకుందా? మీ సంఘాల్లో నిజంగా ఇలా నడిచే గుంపులుంటే ఎలా నడుపుతున్నారో రాయండి. "ప్రార్థన చేయండి బ్రదర్" అన్న జవాబు వద్దు, ప్రార్థన చేస్తూనే అడుగుతున్నాను.

---

తెనాలి టీచర్

బాబూ, మీ కూడికకు ఎంతమంది వస్తారు? కుటుంబాలు కలిపి ఇరవై మంది దాటితే అది చిన్న గుంపు కాదు, చిన్న ఆరాధన. అక్కడ ఎవరూ అప్పు గురించి చెప్పరు. పక్కన అత్తగారు, ఎదురుగా బావగారు, టీ కప్పులు పట్టుకుని తిరిగే పిల్లలు. నోరెలా వస్తుంది?

గురువారం కూడిక అలాగే ఉంచండి, అది మంచిదే. అందులోంచి ముగ్గురు నలుగురు మగవాళ్లు విడిగా ఒకచోట, ముగ్గురు నలుగురు ఆడవాళ్లు విడిగా ఒకచోట కూర్చోండి. పాటలు వద్దు, ప్రసంగం వద్దు. మా స్త్రీల సమాజంలో ఏళ్ల తరబడి కలిసి పాడినవాళ్లమే, అందులోంచి నలుగురం విడిగా కూర్చోవడం మొదలుపెట్టాకే ఒకరి ఇంట్లో ఏం జరుగుతోందో ఒకరికి తెలిసింది. ఒకామెకు షుగర్ ఉందని, మందులకు డబ్బు అడగడానికి కొడుకు దగ్గర మొహమాటపడి మానేసిందని అప్పుడే బయటపడింది. ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడమే ఆ వారం మా ప్రార్థన.

---

మెదక్ గుడి మనవడు

బ్రదర్, మీరు అడిగిన ప్రశ్న కొత్తది కాదు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట ఇదే ప్రశ్న ఇంగ్లండ్‌లో వచ్చింది, అదీ అప్పు దగ్గరే మొదలైంది. ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

బ్రిస్టల్ పట్టణంలో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులు న్యూ రూమ్ అనే మందిరం కట్టుకున్నారు. దాని మీద అప్పు మిగిలింది. 1742 ఫిబ్రవరిలో అప్పు తీర్చే దారి కోసం కూర్చున్నప్పుడు కెప్టెన్ ఫోయ్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. సభ్యులందరినీ పన్నెండేసి మందిగా విడగొట్టాలి, ఒక్కొక్కరూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి, ప్రతి గుంపుకూ ఒకరు ఆ డబ్బు వసూలు చేయాలి. చాలామంది బీదవాళ్లు, ఇవ్వలేరని ఎవరో అన్నారు. అందుకు ఆయన, బహు బీదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వాళ్లు ఇవ్వలేకపోతే వాళ్ల వంతు నేనే వేస్తాను అన్నాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లినవాళ్లకు ఒక ఇంట్లో తాగి పడిపోయినవాడు, ఇంకో ఇంట్లో భార్యాభర్తల గొడవ కనిపించాయి. ఇవన్నీ వచ్చి వెస్లీకి చెప్పారు. తాను ఎప్పటినుంచో వెతుకుతున్నది ఇదేనని ఆయనకు అర్థమైంది. డబ్బు వసూలు చేయడానికి పెట్టిన మనుషులే ఆత్మల బాగోగులు చూసే మనుషులయ్యారు. ఇల్లిల్లూ తిరగడం కష్టమై, కొన్నాళ్లకు ఆ పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూర్చోవడం మొదలైంది. దాన్నే క్లాస్ మీటింగ్ అన్నారు. బీదవాళ్లు, చదువురానివాళ్లు, ఆడవాళ్లు కూడా ఆ గుంపులకు నాయకులయ్యారు. అక్కడ ప్రసంగం ఉండేది కాదు. ఈ వారం నీ ఆత్మ ఎలా ఉంది అని నాయకుడు ఒక్కొక్కరినీ అడిగేవాడు. ముందు తన సంగతి తాను చెప్పి, ఆ తర్వాత అడిగేవాడు.

తెనాలి టీచర్ గారు చెప్పిన నలుగురి గుంపు కూడా అప్పుడే ఉంది. దాన్ని బ్యాండ్ అనేవారు. మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు, పెళ్లయినవాళ్లు వేరు, కానివాళ్లు వేరు. 1738 డిసెంబర్ 25న వెస్లీ వాటికి నియమాలు రాశాడు. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అనే యాకోబు 5:16 దానికి ఆధారం. కలిసిన ప్రతిసారీ అడగవలసిన ప్రశ్నలు అందులో ఉన్నాయి: పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏమిటి, ఏ శోధన ఎదురైంది, దాన్నుంచి ఎలా తప్పించుకున్నావు, పాపమో కాదో నీకే తెలియక నలిగిన మాటా పనీ ఏమైనా ఉన్నాయా. బలవంతం మీద ఎవర్నీ చేర్చుకునేవారు కాదు. నీ తప్పులు నీకు చెప్పడం నీకిష్టమేనా అని ముందే అడిగేవారు.

మరి డబ్బు? 1746లో వెస్లీ లండన్‌లో ఒక చిన్న నిధి పెట్టాడు. అవసరమున్నవాళ్లకు 20 షిల్లింగుల దాకా అప్పిచ్చి మూడు నెలల్లో తిరిగి కట్టించుకునేవారు. వడ్డీవ్యాపారుల చేతిలో పడకుండా ఆ ఏర్పాటు. మందులు కొనలేనివాళ్ల కోసం 1747లో ఇంటి వైద్యం పుస్తకం కూడా వేశాడు. ఆత్మ గురించి అడిగినవాళ్లే అప్పు గురించీ దగ్గు గురించీ పట్టించుకున్నారు.

మా మెదక్ గుడి, అదే మెదక్ కేథడ్రల్ చర్చి, ఆ వెస్లీ బాటలో నడిచిన వెస్లియన్ మిషన్ వాళ్లు కట్టినదే. పోస్నెట్ దొరగారి కాలంలో, కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని ఆ కట్టడం నడిపించారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. 1947లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశాం. గుడి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ మిషన్ వెనకున్న క్లాస్ మీటింగ్ గురించి మాత్రం మన సంఘాల్లో మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు బాధగా ఉంటుంది.

---

గుంటూరు కుర్రోడు

మెదక్ అన్నా, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఒక డౌట్. చిన్న గుంపులో అప్పు బయటపడితే మనం డబ్బు సర్దాలా? సర్దితే రేపు అందరూ అడుగుతారు. సర్దకపోతే విని ఏం లాభం?

---

లెక్కల మాస్టారు

మా గుంపులో మేం పాటించేది చెప్తాను. ఒకరికొకరం చేబదులు ఇచ్చుకోము. అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే గుంపులో ఉంటే రెండో నెల నుంచి ఒకడు రావడం మానేస్తాడు. ఇవ్వాలనుకుంటే కానుకగా ఇచ్చి మర్చిపోతాం, అదీ గుంపంతా కలిసి. అంతకన్నా ముఖ్యంగా, కాగితం మీద మొత్తం అప్పు రాయించాలి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి. సగం మంది తమకు మొత్తం ఎంత అప్పుందో కూడుకుని చూసుకోరు, భయం. పక్కన ఒక మనిషి కూర్చుంటే చూసుకుంటారు.

లోన్ యాప్ సంగతి వేరు. ఫొటోలు మార్ఫ్ చేస్తామని, కాంటాక్టులకు పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అది సిగ్గుపడి దాచుకునే విషయం కాదు. తప్పు బెదిరించేవాళ్లది. ఆ తమ్ముడితో ఒకరు తోడు వెళ్లండి. స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లలేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

---

నెల్లూరు సిస్టర్

అందరూ బాగా రాశారు. నేను మాత్రం ఒప్పుకోలేను.

మా అమ్మాయి కాపురంలో ఇబ్బంది వచ్చింది. నమ్మకంగా ఉండే అక్కలే కదా అని మా ఇంటి ప్రార్థనలో చెప్పుకుని ఏడ్చాను. ఆదివారం ఆరాధనలో మైకులో ప్రార్థన అంశంగా వచ్చింది. పేరు చెప్పలేదు. "ఫలానా వీధిలో ఉండే మన సిస్టర్ కుమార్తె" అన్నారు. ఆ వీధిలో విశ్వాసుల ఇల్లు మాదొక్కటే. మా వియ్యపురాలికి సాయంత్రానికల్లా తెలిసింది. సర్దుకునే గొడవ కాస్తా పెద్దమనుషుల దాకా వెళ్లింది.

ప్రార్థన పేరుతో చాడీలు చెప్పుకునే అలవాటు మనలో ఉన్నంతకాలం ఈ జవాబుదారీ గుంపులు ఆడవాళ్లకు ఉరితాళ్లే. మగవాళ్లు తమ తప్పు చెప్తే "ఎంత ధైర్యంగా సాక్ష్యం చెప్పాడు" అంటారు. అదే మేం చెప్తే మా పిల్లల సంబంధాలు పోతాయి. ముందు ఈ మాటకు జవాబు చెప్పండి.

---

తెనాలి టీచర్

అమ్మా, మీకు జరిగింది అన్యాయం. మీరు చెప్పింది అక్షరాలా నిజం. మేం నలుగురమే ఉండటానికి కారణం కూడా అదే. ఐదో మనిషిని చేర్చుకోవాలంటే మిగతా నలుగురూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా చేర్చుకోము, ఎందుకని అడగము.

---

పల్నాడు అయ్యగారు

నెల్లూరు అమ్మగారికి వందనాలు. సంఘ కాపరిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మావంటివాళ్లమే.

మైకు దగ్గర మనుషుల గాయాలు చెప్పకూడదు. దానికి ఏ మినహాయింపూ లేదు. సొంత మనిషి తన నోటితో "చెప్పండి" అంటేనే చెప్పాలి, అదీ ఆ మనిషి ఎన్నుకున్న మాటల్లోనే. గుంపు నడిపేవాడు పాస్టర్‌కు కూడా చెప్పకూడదు. "మా గుంపులో ఏం జరుగుతోంది అయ్యగారూ అంటే..." అని ఎవరైనా నా దగ్గర మొదలుపెడితే ఆపేసేవాణ్ణి. వాళ్లు బాగున్నారా, కూడుకుంటున్నారా, అంతే అడిగేవాణ్ణి. పాస్టర్ చెవిలోకి అన్నీ వస్తాయని తెలిసిన గుంపులో ఎవరూ నిజం చెప్పరు.

అయితే గుంపులోనే దాచకూడని సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటి రోజే అందరికీ చెప్పాలి. ఎవరైనా చావు గురించి మాట్లాడితే ప్రార్థన చేసి ఇంటికి పంపేయకండి. తోడు ఉండండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, "గుంపులో మాట" అని దాచడం నేరం. పిల్లల కోసం 1098, భర్త కొడుతున్నాడని ఒక చెల్లెలు చెప్తే 181. "సహించమ్మా, ప్రార్థించమ్మా" అని దెబ్బలు తినే మనిషిని వెనక్కి పంపడం కాపరి పని కాదు. అలా పంపినవాళ్లు మనలో ఉన్నారు, అది మారాలి.

తాగుడు గురించి ఒక మాట. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ చిన్న గుంపులకు వెళ్లినవాళ్లే. ఒకరి ముందు ఒకరు నిజం చెప్పుకోవడం, బాధపెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిచేసుకోవడం అక్కడ నేర్చుకున్నారు. సంఘంలో తాగుడు మానలేక నలిగేవాణ్ణి ఆ మీటింగ్‌కు పంపడానికి నామోషీ పడకండి. డాక్టర్ కూడా అవసరం. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ప్రాణానికే ప్రమాదం రావచ్చు.

---

విశాఖ ఈ.యూ. పాత కాపు

1954లో మొదలైన క్రైస్తవ విద్యార్థుల సంస్థ యు.ఇ.ఎస్.ఐ. గురించి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంజినీరింగ్‌లో ఉండగా మా హాస్టల్లో దాని ఈ.యూ. (ఇవాంజెలికల్ యూనియన్) ప్రేయర్ సెల్, అంటే చిన్న ప్రార్థన గుంపు, ఉండేది. నా నడక నిలబడటానికి దేవుడు వాడుకున్నది దాన్నే. అందుకే దాని లోపం కూడా ప్రేమతోనే చెప్తున్నాను.

మా సెల్‌లో ఒకరినొకరం అడిగేది ఒకటే: క్వయట్ టైమ్ (రోజూ ఒంటరిగా వాక్యం చదివి ప్రార్థించుకోవడం) చేశావా? చేస్తే మంచి విశ్వాసి, లేకపోతే తల దించుకోవాలి. కొన్నాళ్లకు అది హాజరు పట్టీ అయిపోయింది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని, తిండి సరిగ్గా తినక, ఇంట్లోవాళ్లతో నెలల తరబడి మాట్లాడని కుర్రాడు కూడా క్వయట్ టైమ్ చేశాడు కాబట్టి పాసయ్యేవాడు.

లూకా 2:52 చూడండి. యేసు జ్ఞానంలో, వయసులో, దేవుని దయలో, మనుషుల దయలో ఎదిగాడని ఉంది. దేవుని కుమారుడే నాలుగు వైపులా ఎదిగితే మనం ఒక్క వైపే ఎలా ఎదుగుతాం? ఏలీయా అలసిపోయి చచ్చిపోతానన్నప్పుడు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు, పడుకోనిచ్చాడు కూడా. ప్రశ్నలు ఆ తర్వాతే.

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మేం ముగ్గురం కలిసేటప్పుడు వాక్యంలో ఈ వారం ఏది తగిలింది అని అడుగుతాం. దాంతోపాటు ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, అమ్మానాన్నలతో మాట్లాడావా, రాత్రి ఫోన్‌లో ఏం చూస్తున్నావు, ఆఫీసులో ఎవరి మీదైనా కక్ష పెట్టుకున్నావా, మీ ఆవిడ ఈ వారం నిన్ను ఏ విషయంలో తప్పుపట్టింది అని కూడా. చివరి ప్రశ్నకు మాత్రం ఎవరూ "ఏమీ లేదు" అనడానికి వీల్లేదు.

అశ్లీల వీడియోల సంగతి కూడా చెప్పాలి, మన వేదికల మీద ఎవరూ మాట్లాడరు కాబట్టి. పెళ్లికాని తమ్ముళ్లే కాదు, సంఘ పెద్దలు కూడా ఇందులో కొట్టుకుంటున్నారు. "చూశావా" అని అడిగితే అవును కాదు అని వస్తుంది. "ఎప్పుడు, ఏ పరిస్థితిలో నీకు ఆ లాగుడు ఎక్కువ" అని అడిగితే మాట బయటికి వస్తుంది. చాలామందికి అది ఒంటరితనం, అలసట. ఆ వేళకు ఒక ఫోన్ కాల్ పెట్టుకున్నాం. రాత్రి పదకొండుకైనా ఎత్తాలి.

---

సత్యవాక్యం

ప్రైజ్ ది లార్డ్. నాకు ఒక అభ్యంతరం. 1 యోహాను 1:9 ప్రకారం దేవుని ముందు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు. మధ్యలో మనుషులు ఎందుకు? ఇది మళ్లీ పాపసంకీర్తన గదికి, అంటే కతోలికలు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే చోటికి, తీసుకెళ్లడం కాదా? ప్రతివాడూ తన విషయం దేవునికే లెక్క అప్పగించాలని రోమా 14:12లో ఉంది.

---

పల్నాడు అయ్యగారు

బ్రదర్, క్షమించేది దేవుడే, అందులో సందేహం లేదు. గుంపులో ఎవరూ ఎవరికీ పాపక్షమాపణ ఇవ్వరు. యాకోబు 5:16లో ఒకరితో ఒకరు ఒప్పుకోమన్నది స్వస్థత కోసం, దాని వెంటనే ఒకరి కోసం ఒకరు ప్రార్థించమన్నాడు. దావీదు రాజు పాపం చేసినప్పుడు అతని దగ్గరికి దేవుడు నాతాను ప్రవక్తను పంపాడు. దావీదుకు ప్రార్థన తెలియక కాదు. కీర్తనలు రాసిన మనిషికి కూడా తన తప్పు తనకు కనబడటానికి ఎదుట నిలబడి మాట్లాడే ఒక మనిషి కావలసి వచ్చాడు. హెబ్రీ 3:13లో "ప్రతిదినము ఒకనికొకడు బుద్ధి చెప్పుకొనుడి" అని ఉంది. పాపం మోసం చేస్తుంది కాబట్టి అని కారణం కూడా అక్కడే ఉంది. మోసపోతున్నవాడికి తాను మోసపోతున్నానని తెలియదు.

---

సత్యవాక్యం

అయ్యగారూ, హెబ్రీ 3:13 ఈ కోణంలో నేను ఆలోచించలేదు. ధ్యానిస్తాను. నాతాను ప్రవక్త, మనం కాదు, ఆ తేడా ఉందని మాత్రం ఇప్పటికీ అంటాను.

---

కువైట్ నుంచి అక్క

మీ అందరి మాటలు పని ముగించుకుని రాత్రి చదువుతున్నాను. మాది కడప జిల్లా. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లం. వారంలో శుక్రవారం సెలవు దొరికినవాళ్లం చర్చికి వెళ్తాం. నగరంలో ఒకే ఆవరణలో ఎన్నో భాషలవాళ్ల ఆరాధనలు జరుగుతాయి, తెలుగువాళ్లదీ ఉంది. కానీ చాలామంది అక్కచెల్లెళ్లకు శుక్రవారం కూడా బయటికి పంపరు. అందుకని మేం కొందరం ఫోన్‌లోనే గుంపుగా ఉన్నాం. కలిసి మాట్లాడే టైమ్ ఎవరికీ కుదరదు, వాయిస్ పెట్టుకుంటాం. ఒకరు తెల్లవారుజామున పెడితే ఇంకొకరు అర్ధరాత్రి వింటారు.

మేం అడుగుకునేవి మీ ప్రశ్నల్లాంటివి కావు. తిన్నావా? జీతం ఇచ్చారా? ఒంటి మీద చెయ్యి వేశారా? పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది? ఇవి అడిగాక వాక్యం. మొదట్లో ఒకామె "ఇవన్నీ లోక సంగతులు" అంది. ఆమెకే మూడు నెలల జీతం ఆగిపోయినప్పుడు మిగతావాళ్లం ఎంబసీ నంబరు సంపాదించి ఇచ్చి, రోజూ వెంటపడి ఫోన్ చేయించాం.

ఇంకో సంగతి అడుగుతాం: ఇంటికి ఎంత పంపావు, నీకెంత ఉంచుకున్నావు? మాలో చాలామంది మొత్తం పంపేస్తారు. అక్కడ మొగుడు తాగేస్తాడు, లేదా ఎవరో ఇల్లు కట్టుకుంటారు. తిరిగి వెళ్లేటప్పటికి చేతిలో ఏమీ ఉండదు. ప్రతి నెలా కొంత తన పేరు మీద వేసుకుంటానని మా గుంపులో ప్రతి ఒక్కరం మాట ఇచ్చుకున్నాం. వేశాక రసీదు ఫొటో పెడతాం. ఒక చెల్లెలికి అలా దాచుకున్న డబ్బుతో పెద్దపిల్ల నర్సింగ్ చదువుతోంది. ఆమె రసీదు పెట్టిన రోజు మేమందరం స్తోత్రం చెప్తాం.

ఒంటరితనం గురించి కూడా మాట్లాడుకుంటాం. ఫోన్‌లో పరిచయమయ్యే మగవాళ్ల గురించి దాచుకోము. ఎవరూ ఎవర్నీ తిట్టరు. "అక్కా, వాడితో మాట్లాడాలనిపిస్తోంది" అని ఒక పిల్ల వాయిస్ పెడితే, పని మధ్యలో బాత్రూంలోకి వెళ్లి ఆమెతో మాట్లాడినవాళ్లం ఉన్నాం.

---

నెల్లూరు సిస్టర్

కువైట్ అక్కా, మీ మాటలు చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మీలాంటి గుంపు నాకుంటే మా అమ్మాయి సంగతి అక్కడే చెప్పుకునేదాన్ని.

---

డాలస్ తెలుగు సంఘం

ఇక్కడి చరిత్రలోని ఒక హెచ్చరిక చెప్పాలి. 1970లలో ఫ్లోరిడాలో ఐదుగురు బోధకులు కలిసి షెపర్డింగ్ అనే ఉద్యమం నడిపారు. ప్రతి విశ్వాసికీ ఒక కాపరి ఉండాలి, జీవితమంతా ఆయనకు జవాబు చెప్పాలి అన్నారు. ఆశయం మంచిదే. కొన్నాళ్లకు ఎవర్ని పెళ్లి చేసుకోవాలి, ఏ ఉద్యోగం చేయాలి, ఎక్కడ ఇల్లు తీసుకోవాలి అన్నది కూడా పైవాడి అనుమతి మీద నడిచింది. ఎన్నో కుటుంబాలు దెబ్బతిన్నాయి. 1980లలో అది విడిపోయింది, ఆ ఐదుగురిలో ఒకరు తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

మన తెలుగువాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. దైవజనుడి మాట కాదనకూడదన్న భయం మనకు చిన్నప్పటి నుంచే ఉంటుంది. గుంపులో అడిగేవాడు తాను కూడా జవాబు చెప్పకపోతే అది చిన్న గుంపు కాదు, విచారణ. నా లెక్కలో పరీక్ష ఒకటే: గుంపు నాయకుడి తప్పును గుంపు చెప్పగలదా? నాయకుడి భార్యాపిల్లల గురించి, జీతం గురించి, కోపం గురించి అడిగేవాళ్లున్నారా? లేకపోతే ఆ గుంపులోంచి బయటికి రావడమే మంచిది.

సలహా అడిగితే చెప్పండి, నిర్ణయం మాత్రం అతనిదే.

---

గుండ్లకమ్మ

ఎవరూ ఎత్తని సంగతి నేను ఎత్తుతాను. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ప్రాంతం మాది. అంతమందిని మిషనరీ క్లౌ దొరగారు ఒక్కరే చూసుకోలేదు, చూసుకోలేరు కూడా. ఊరూరా తిరిగే మన స్థానిక బోధకులే ఆ పల్లెల్లో జనాన్ని కూర్చోబెట్టి నేర్పారు. మన సంఘం పుట్టిందే పల్లెల్లో చిన్న చిన్న గుంపులుగా.

కానీ ఆ గుంపులు ఏ పల్లెకు ఆ పల్లెగా, ఏ కులానికి ఆ కులంగానే మిగిలిపోయాయి. మాల సంఘం, మాదిగ సంఘం, పెద్ద కులాల విశ్వాసులకు వేరే కూడిక. ఇప్పుడు పట్నంలో సెల్ గ్రూప్ పెడితే కూడా "మనవాళ్లు" అనుకున్నవాళ్లే ఒకచోట చేరుతున్నారు. క్వయట్ టైమ్ అడుగుతాం, ఫోన్ అడుగుతాం. "ఈ నెలలో ఎవరింట్లో భోంచేశావు, మీ ఇంటికి ఎవర్ని పిలిచావు, మీ అబ్బాయి సంబంధానికి ముందు ఏం అడిగారు" అని అడగము. క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28 మాత్రం గోడ మీద క్యాలెండర్‌లో ఉంటుంది.

మా గుంపులో రెండు పేటలవాళ్లం ఉన్నాం. వంతుల వారీగా ఒక్కో ఇంట్లో కూడుకుంటాం, ఎవరింట్లో కూడితే అక్కడే భోజనం. "నాకు అరగదు", "ఉపవాసం" అని తప్పించుకున్నవాళ్లను మొదట్లో వదిలేశాం. తర్వాత ఒక పెద్దాయన నేరుగా అడిగాడు, "ఉపవాసం మా ఇంట్లోనే ఎందుకు వస్తోంది?" ఆ రోజు చాలా బాధగా గడిచింది. ఒక కుటుంబం వెళ్లిపోయింది. మిగిలినవాళ్లం ఆ తర్వాతే నిజంగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. సంపూర్ణ ఎదుగుదల అంటూ దీన్ని పక్కన పెడితే నేను ఒప్పుకోను.

---

మెదక్ గుడి మనవడు

గుండ్లకమ్మ అన్నా, ఈ థ్రెడ్‌లో అందరికంటే అవసరమైన మాట మీది. మా దగ్గర కూడా ఇదే పరిస్థితి.

---

కూకట్‌పల్లి బ్రదర్

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ప్రింట్ తీసి మా తమ్ముడికి కూడా చూపించాను. "నన్ను ఎవరైనా మొత్తం అప్పు ఎంత అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో" అన్నాడు. మాస్టారు చెప్పినట్టు కాగితం మీద రాశాం. అతనూ నేనూ ఇంకో ఇద్దరం కలిసి మొదలుపెడుతున్నాం. అతను కూడా అడుగుతాడు, మేమూ చెప్తాం. మొదటి రోజు ప్రశ్నలు లేకుండా ఒక్కొక్కరం ఇప్పటిదాకా నడిచిన దారి చెప్పుకుందాం అనుకుంటున్నాం. ఏది బయటికి వెళ్లకూడదో, ఏది దాచకూడదో అయ్యగారు చెప్పినట్టు ముందే చదివి వినిపిస్తాం. ఆరు నెలలకు ఆపి, కొనసాగాలా వద్దా అని అందరినీ అడుగుతాం, వద్దన్నవాళ్లు మొహమాటం లేకుండా వెళ్లొచ్చు. గురువారం కూడికలో ఎవరెవరి ఇళ్లకు ఇంతవరకూ మేం వెళ్లలేదో కూడా లెక్క చూసుకున్నాం. గుండ్లకమ్మ అన్న చెప్పిన మాట మాకూ వర్తిస్తుంది.

ఒక సందేహం మిగిలింది. మా ఆవిడ కూడా ఆడవాళ్ల గుంపు మొదలుపెట్టాలనుకుంటోంది. కానీ ఎవరికీ సాయంత్రం కుదరడం లేదు, వంట, పిల్లల హోంవర్క్. ఏం చేస్తే బాగుంటుంది తెనాలి టీచర్ గారూ?

---

తెనాలి టీచర్

సాయంత్రం పెట్టొద్దు బాబూ. శనివారం పొద్దున పదకొండుకు పెట్టండి, ఆ గంటన్నర పిల్లల్ని మీ మగవాళ్లు చూసుకోండి. టిఫిన్లు వద్దు, టీ చాలు. టిఫిన్ పెడితే ఆ ఇంటావిడ వంటింట్లోనే ఉండిపోతుంది, ఆమె మాట ఎవరూ వినరు. పక్కింట్లో అత్తగారున్న ఇల్లు అయితే పార్కులో నడుస్తూ మాట్లాడుకున్నా సరే. మా నలుగురిలో ఇద్దరికి మోకాళ్లు నొప్పులు లేనప్పుడు మేం అలాగే చేసేవాళ్లం. మీ ఆవిడను నాకు ఇక్కడే మెసేజ్ పెట్టమనండి, నెల్లూరు అమ్మగారు కూడా ఇష్టమైతే రాయండి, మొదటి రోజు ఎలా నడపాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

---

నెల్లూరు సిస్టర్

మెసేజ్ పెట్టానమ్మా.